వాన తగలని ఇల్లు

“ఈ ఊళ్ళో ఇక ఏ తల్లీ వానలో తడవదు. ఇది నా మాట కాదు, నా ఊపిరి!” అని తుఫాను పోయిన నలభయ్యో రోజున మంత్రిగారు మైకులో ప్రకటించారు. అంత పెద్దమనిషి ఊపిరి దాకా వెళ్ళాక నమ్మకపోతే ఏం బాగుంటుంది? మా ఇంటిల్లిపాదీ నమ్మాం. ఇల్లంటే మళ్ళీ ఇల్లనుకునేరు, అది గాలికి పోయింది. మండలాఫీసువాళ్ళిచ్చిన టార్పాలిన్ కింద నేను, మా అబ్బాయి, నెలలు నిండిన కోడలు. బిడ్డ పుట్టేలోగా నెత్తిన గట్టి కప్పు ఉండాలన్నదొక్కటే నా దిగులు.

మొదటి ఇల్లు మాకే మంజూరైంది. కోడలి పొట్ట ఫొటోలో నిండుగా ఉంటుందని ఇళ్ళు కట్టించే ఇంజనీరుగారే ఎంపిక చేశారు. ఎంత ముందుచూపో!

ఆ ఇల్లు ఒక్క పూటలో లేచింది. మా పాత ఇల్లు కట్టడానికి మా ఆయన మూడేళ్ళు మట్టి తొక్కాడు. చదువు లేకపోతే అంతే మరి. దీనికి పసుపుపచ్చ గోడ, ఎర్ర కప్పు, రంగుతో వేసిన కిటికీ. ముచ్చటేసి గోడకి చెయ్యి ఆనించాను. గోడ వెనక్కి జరిగింది.

“అమ్మమ్మా, ఆనుకోకండి! మంత్రిగారు వచ్చేదాకా అది నిలబడాలి,” అన్నారు ఇంజనీరుగారు.

“కింద చక్రాలెందుకు నాయనా?”

“మళ్ళీ తుఫానొస్తే పారిపోవడానికి. కొత్త టెక్నాలజీ.”

నాకు కళ్ళు చెమర్చాయి. పాత ఇంటికి ఈ చక్రాలుంటే అదీ బతికేది.

మంత్రిగారు రిబ్బన్ కత్తిరించారు, తాళం తీశారు, తలుపు తోశారు. తలుపు అవతల మా టార్పాలిన్ కనిపించింది. అందరూ చప్పట్లు కొట్టారు. తాళంచెవి కోడలి చేతిలో పెట్టి, నా చేత కాగితం మీద వేలిముద్ర వేయించుకున్నాక కార్లన్నీ వెళ్ళిపోయాయి.

“నడుం లాగేస్తోంది అత్తా, కాసేపు లోపల కూర్చుంటా.”

“లోపల లేదమ్మా,” అన్నారు ఇంజనీరుగారు.

“ఏం లేదు?”

“లోపలే లేదు. ముందువైపు ఫేజ్ వన్. లోపల ఫేజ్ టూ.”

అంతలో లారీ వచ్చింది. ఇంటిని పలకల మీదుగా పైకి తోశారు. చక్రాలు భలే పనికొచ్చాయి.

“సార్, మా ఇల్లెక్కడికి?” అన్నాడు అబ్బాయి.

“పక్క ఊరికి. రేపు అక్కడ ప్రారంభోత్సవం.”

“మరి మాకు?”

“తాళంచెవి మీ దగ్గరే ఉందిగా! దాన్నేమైనా తీసుకుపోతామన్నామా?” అంటూ ఇంజనీరుగారు టార్పాలిన్ ముడులు విప్పడం మొదలుపెట్టారు. “ఇది ఇల్లు లేనివాళ్ళకి. మీకు వచ్చినట్టు వేలిముద్ర పడింది.”

“బాబ్బాబు, పిల్లకి నొప్పులు మొదలయ్యేలా ఉన్నాయి. ఈ ఒక్కరోజు ఉంచు.”

“అమ్మమ్మా, నాది మెత్తని మనసు. రూలుది కాదు.”

మబ్బు నల్లగా కమ్ముకొచ్చింది. మొదటి చినుకు నా ముక్కు మీద పడింది. కోడలు తాళంచెవితో సహా నా చెయ్యి బిగించి పట్టుకుని మూలిగింది. ఇంజనీరుగారు గబగబా లారీ ఎక్కి, మా టార్పాలిన్‌ని ఇంటి మీద కప్పి, నాలుగు మూలలా తాడు బిగించి కట్టారు. రంగు ఇంకా ఆరలేదట.

లారీ మలుపు తిరిగేదాకా చూశాను. ఇంటి మీద ఒక్క చుక్క పడలేదు.