రెగ్యులర్ పన్ను చేరేవరకు

సోమవారం ఉదయం పదిన్నరకి బోని వరహాలమ్మ నోట్లో ఖాళీ అయిన రెండు పోస్టులకు ఇంటర్వ్యూలు మొదలయ్యాయి. దరఖాస్తు పెట్టుకున్న పళ్ళు సర్టిఫికెట్లు పట్టుకుని, పార్వతీపురంలోని పళ్ళ డాక్టరు సత్యవేణి గది బయట బెంచీ మీద వరసగా కూర్చున్నాయి. ఇందులో వింతేమీ లేదు. వరహాలమ్మ స్నానాల గదిలో జారిపడి ముందుపళ్ళు రెండూ రాలిపోయిన రోజే డాక్టరమ్మ నోటీసు బోర్డు మీద ప్రకటన అంటించి, రూలు ప్రకారం వారం గడువిచ్చింది. నోరు ఎవరిదైతే నియమించే అధికారం వాళ్ళదే కాబట్టి, వరహాలమ్మని కుర్చీలో కూర్చోబెట్టి ఫైలు చేతికిచ్చింది.

వరహాలమ్మ బస్టాండులో మైకు మనిషి. ఏ బస్సు ఎక్కడ ఆగుతుందో చెప్పడం ఆమె పని. పద్నాలుగేళ్ళుగా ఔట్‌సోర్సింగే. పళ్ళు పోయాక మైకులో మాట కంటే గాలే ఎక్కువ వస్తోంది. బస్సులు తప్పిపోయిన జనం వచ్చి ఆమెని తిట్టిపోస్తున్నారు. "గురువారానికి మాట తిన్నగా రాకపోతే ఏజెన్సీకి చెప్పి ఇంకో మనిషిని తెప్పించుకుంటానమ్మా," అన్నాడు మేనేజరు, మర్యాదగానే. పాపం, ఆయన ఏదైనా మర్యాదగానే చెబుతాడు.

మొదట ఇంప్లాంటుని పిలిచారు. టైటానియం మర, పైన పింగాణీ తొడుగు. అబ్బో, ఏం దర్జా! కూర్చోమనకముందే కూర్చుంది.

"నన్ను ఎముకలో బిగించాలి. ఒకసారి చేరానంటే ఇక నన్ను కదిపేవాళ్ళుండరు," అంది.

"గురువారానికి డ్యూటీకి వచ్చెత్తారా అండీ?" అని అడిగింది వరహాలమ్మ.

"ఎముకతో కుదురుకోవడానికే నాలుగు నెలలు పడుతుంది. అప్పటిదాకా జాయినింగ్ రిపోర్టు ఇవ్వను. అన్నట్టు, మీరు పర్మనెంటేనా?"

వరహాలమ్మ తలదించుకుంది. ఈ ప్రశ్న అడగకూడదని రూల్లో ఎక్కడా లేదు కాబట్టి డాక్టరమ్మ తరవాతి అభ్యర్థిని పిలిచింది.

రెండోది బ్రిడ్జి, కాంట్రాక్టు కేటగిరీ. అటూ ఇటూ ఉన్న పళ్ళని అరగదీసి, వాటి మీద ఆనుకుని నిలబడుతుంది. అందుకు వాటి అంగీకార పత్రం కావాలి.

"పోయినోల్ల పని మేం మొయ్యాలా? పైగా మమ్మల్నే అరగదీత్తారా? ఇదెక్కడి నాయం!" అని ఆ రెండు పళ్ళూ వరహాలమ్మ నోట్లోంచే అరిచాయి. అభ్యంతరం నమోదు చేసుకుని ఫైలు పక్కన పెట్టారు. బ్రిడ్జి నొచ్చుకోలేదు, దానికిది అలవాటే.

చివరికి తీసిపెట్టుకునే సెట్టు బెంచీ దిగి వచ్చింది. గులాబీరంగు చిగురు, రెండు పళ్ళు, రెండు తీగ కొక్కేలు. ఆ కొక్కేలనే చేతుల్లా కట్టుకుని నిలబడింది.

"రేపే వచ్చెత్తానమ్మా. పొద్దున్న పెట్టుకోండి, సాయంత్రం తీసి గ్లాసులో పడేయండి. సెలవులొద్దు. ఏ పన్జెప్పినా సేత్తాను. తీసేత్తానని మాత్రం అనకండమ్మా!"

ఓలమ్మో! ఏటా మార్చి నెలలో, కాంట్రాక్టు పొడిగించమని మేనేజరు ముందు నిలబడి తాను అనే మాటలు, ఆ గ్లాసు సంగతి తప్ప అక్షరం పొల్లుపోకుండా ఇవే. వరహాలమ్మకి ఏడుపొచ్చింది. కళ్ళు తుడుచుకుని నియామక పత్రం రాసింది. 'రెగ్యులర్ పన్ను చేరేవరకు, పూర్తిగా తాత్కాలిక ప్రాతిపదికన' అని రాయడానికి ఎవరూ చెప్పాల్సిన పని లేకపోయింది. ఆ వాక్యం ఆమెకి పద్నాలుగేళ్ళుగా కంఠతా వచ్చు.

గురువారం ఉదయం వరహాలమ్మ మైకు నొక్కింది. "ప్రయాణికులకు గమనిక. పాలకొండ వెళ్ళు బస్సు రెండవ ప్లాట్‌ఫారం నుండి బయలుదేరుటకు సిద్ధముగా ఉన్నది." మాట ముత్యంలా వచ్చింది. జనం సంచులు ఎత్తుకుని రెండో ప్లాట్‌ఫారం వైపు పరిగెత్తారు. మేనేజరు తలుపు దగ్గర నిలబడి విని, "ఇంకో ఏడాదికి ఢోకా లేదులేమ్మా," అన్నాడు. హమ్మయ్య! పది రోజులుగా సరిగా తిండి తినని మనిషి క్యాంటీన్‌కి వెళ్ళి రెండు ఇడ్లీలు, ఒక గారె తింది.

సాయంత్రం డ్యూటీ దిగి, ఇంటికొచ్చి, సెట్టు తీసి గ్లాసు నీళ్ళలో వేసింది.

"అమ్మా, పని బాగా సేసేను గదా," అంది సెట్టు నీళ్ళలోంచి. "నన్ను రెగ్యులర్ ఎప్పుడు సేత్తారు?"

ముందుపళ్ళు లేకపోయినా వరహాలమ్మ నోట్లోంచి, పద్నాలుగేళ్ళుగా తాను వింటున్న ఆ జవాబు మాత్రం తిన్నగా, స్పష్టంగా వచ్చింది.

"సూద్దాంలే. నీ ఫైలు పైకెల్లింది."

చెప్పాక ఎంత హాయిగా ఉందో! మేనేజరు ఇన్నేళ్ళుగా అంత ప్రశాంతంగా ఎలా ఉండగలుగుతున్నాడో ఆమెకి ఇప్పుడు అర్థమైంది. గ్లాసు మీద మూత పెట్టి, టీ పెట్టుకోవడానికి వంటింట్లోకి వెళ్ళింది.