జనగామలో అసలు టైం

ఆ రోజు పొద్దున ఇస్మాయిల్ వేసుకున్న ప్లాను చాలా చిన్నది. అచ్చయిన రంజాన్ పట్టిక ప్రకారం సాయంత్రం ఆరు గంటల ఇరవై ఎనిమిది నిమిషాలకు మసీదు సైరన్ బటన్ నొక్కాలి, ఒక్క సెకను కూడా అటూ ఇటూ కాకూడదు. జనగామ స్టేషన్ రోడ్డులో గడియారాలు బాగుచేసే ఇస్మాయిల్ ముప్పై ఏళ్ళుగా ప్రతి రంజాన్‌లోనూ ఈ పని చేస్తున్నాడు. ఆయన నొక్కితేనే ఊరు ఉపవాసం విడిచి ఖర్జూరం నోట్లో వేసుకుంటుంది.

అలాంటి మనిషికి నిన్న అవమానం జరిగింది. సైరన్ నాలుగు సెకన్లు ఆలస్యమైందని మసీదు కమిటీ సెక్రటరీ ఆరిఫ్ ఫోను తీసి మరీ చూపించాడు. "చాచా, రేపు గూడ గిట్లనే అయితే బటన్‌కు మెషీన్ పెడ్తం. మీరు జర ఆరాం చేయుండ్రి" అన్నాడు. ఆరామట! ముప్పై ఏళ్ళ పరువు తీసి ఆరాం చేయమనడం ఎక్కడి మర్యాదో ఆరిఫ్‌కే తెలియాలి. ఇస్మాయిల్ తెల్లవారుజామున సహరీ భోజనం సగంలోనే వదిలేసి లేచాడు.

కొట్టు పైనే కొడుకు అకీల్ వర్క్‌షాపు. కంటికి కనబడని కణాలను గిరగిరా తిప్పి వేగం పెంచే పెద్ద యంత్రం ఒకటి ఎక్కడో పరిశోధన సంస్థలో ఉంది. దాని చుట్టూ ఉండే వందల పరికరాలు ఒకే క్షణంలో కదలాలి. వాటన్నిటికీ టైం అందించే పెట్టెలను అకీల్ తయారు చేస్తున్నాడు.

"దీని నక్ష ఎక్కడ సంపాదిస్తివిరా?" అని బల్ల మీది పెట్టెను చూపి ఇస్మాయిల్ అడిగాడు.

"సంపాదించుడేంది అబ్బాజాన్, ఈ డిజైను అందరిది. ఎవరన్నా చూడొచ్చు, చేసుకోవచ్చు, తప్పుంటే దిద్దొచ్చు."

పక్క కొట్టువాడు తొంగి చూస్తే గడియారం మూత మూసేసే ఇస్మాయిల్‌కు ఇది నమ్మబుద్ధి కాలేదు. "మరి టైం ఎంత తప్పుతది?"

"సెకనును వంద కోట్ల ముక్కలు చేస్తే, గంతల ఒక్క ముక్క. గంతే. నేను భూపాలపల్లి పోయి డబ్బాల తొడుగులు తెస్త. మీరు దాన్ని ముట్టకుండ్రి."

ముట్టనన్నాడు, ముట్టలేదు. మాట మీద నిలబడే మనిషి. చూశాడంతే. స్క్రీన్ మీద గంటలు, నిమిషాలు, సెకన్లు మన లెక్కలోనే కనిపిస్తున్నాయి. తన చేతి గడియారం పక్కన పెట్టి చూసి గుండె పట్టుకున్నాడు. నలభై ఒక్క సెకన్లు వెనక! ఆరిఫ్ పాపం నాలుగే అన్నాడు, పెద్దమనిషి తరహాగా ముప్పై ఏడు దాచాడన్నమాట. ఇస్మాయిల్ ఊపిరి బిగబట్టి తన గడియారాన్ని పెట్టెతో కలిపాడు. ఫోన్లో టైం వేరేగా ఉంది. "పది మంది కండ్లు పడ్డ నక్ష ఇది. ఈ ఫోన్ నక్ష ఎవడు చూసిండు?" అని ఫోన్‌నే తప్పుపట్టాడు.

పదకొండింటికి పక్క కొట్టు బట్టల వ్యాపారి వెంకటనర్సయ్య మహబూబాబాద్ నుంచి ఫోన్ చేశాడు. అక్కడ ఆయన కొత్త దుకాణం తెరుస్తున్నాడు. పదకొండు గంటల పన్నెండు నిమిషాలకు వర్జ్యం పోతుంది, పోయిన మరుక్షణమే బోణీ కావాలి.

"ఇస్మాయిల్ భాయ్, పంతులు వాచీ ఒకటి చెప్తాంది, నాది ఒకటి చెప్తాంది. ఎవర్ది నమ్మాలె?"

"ఎవర్దీ నమ్మకు సేటూ. నేను లెక్కవెడ్త, విను. మూడు... రెండు... ఒకటి... కొట్టు!"

అవతల కొబ్బరికాయ పగిలింది. జనం చప్పట్లు కొట్టారు. ఇస్మాయిల్ ఇంటి మీద అసలు టైం దిగిందన్న కబురు మధ్యాహ్నానికల్లా ఊరంతా పాకింది. మసీదు గోడ గడియారం మారింది. తర్వాత ఇంకో రెండు మసీదులవాళ్ళు వచ్చి తమవీ కలుపుకుని పోయారు. ఆఖరికి ఆరిఫ్ కూడా వచ్చాడు.

"ఫోన్ల వేరే ఉన్నది గద చాచా?"

"ఫోన్ మార్చు" అన్నాడు ఇస్మాయిల్. ఆ రెండు మాటలు అన్నప్పుడు ఆయనకు కలిగిన సుఖం ఇంతా అంతా కాదు.

సాయంత్రం సరిగ్గా, అంటే పెట్టె ప్రకారం సరిగ్గా, సైరన్ మోగింది. వెంటనే ఆ రెండు మసీదుల్లోనూ మోగింది. ఊరంతా ఖర్జూరాలు నోట్లో వేసుకుంది. అప్పుడే తొడుగుల మూటతో మసీదు ముందు ఆటో దిగిన అకీల్ ఫోన్ చూసుకున్నాడు. ఆరు గంటల ఇరవై ఏడు నిమిషాల ఇరవై మూడు సెకన్లు. మూట అక్కడే పడేసి లోపలికి పరిగెత్తాడు.

"ఏ టైం చూసి నొక్కిండ్రు?"

"నీ పెట్టెదేరా!"

అకీల్ మొహంలో నెత్తురు చుక్క లేదు. "అబ్బాజాన్, భూమి తిరుగుడు ఒక్క తీరుగుండదు. అందుకని మన గడియారాలను అప్పుడప్పుడు ఒక్కో సెకను ఆపుతరు. ఆ కణాల మెషీన్‌కు ఆపుడు కుదరది. దాని లెక్క దాందే. ఇప్పటికి ముప్పై ఏడు సెకన్లు ముందున్నది."

"మరి గా ముచ్చట ఎక్కడన్నా రాయాలె గదరా!"

"రాసే ఉన్నది. నక్ష మూడో పేజీల. ఎవరన్నా చదవొచ్చు."

ఖర్జూరం గింజ చేత్తో పట్టుకుని ఇస్మాయిల్ భార్య చోటీ బీ ఇంట్లోంచి వచ్చేసింది. "అకీల్ అబ్బా! పదమూడు గంటల రోజా, ముప్పై ఏడు సెకన్లకు పాయె గదా!" అని నెత్తి కొట్టుకుంది. ఆమె వెనకే వీధంతా వచ్చింది. ఇంతలో వెంకటనర్సయ్య ఫోను. కబురు అక్కడికీ చేరింది. "వర్జ్యంల బోణీ చేయిస్తివి గద భాయ్! గందుకే పొద్దటిసంది ఒక్క గిరాకీ లేదు!"

ఇస్మాయిల్ మసీదు మెట్ల మీద కూలబడ్డాడు. ఒక్క రోజుతో ముప్పై ఏళ్ళూ మట్టిలో కలిసిపోయాయి. ఊళ్ళో ఇన్ని నోళ్ళ రోజాలు చెడగొట్టిన పాపం ఏ జన్మకు తీరుతుంది? ఆయనకు ఏడుపొచ్చింది, అందరి ముందే ఏడ్చాడు. సైరన్ గది తాళంచెవి తీసి, అటుగా వస్తున్న ఆ మసీదు ముసలి మౌలానా చేతిలో పెట్టాడు.

మౌలానా మెల్లగా ఆయన పక్కన కూర్చున్నాడు. "లెవ్వు ఇస్మాయిల్. ఎవ్వరి రోజా పోలే. పొద్దు గూకినంక మూడు నిమిషాలు కలిపి పట్టికల టైం అచ్చు వేయిస్త నేను. నీ ముప్పై ఏడు సెకన్లు అండ్లనే పోయినయి."

వీధంతా ఒక్కసారి ఊపిరి పీల్చుకుంది. చోటీ బీ కళ్ళు తుడుచుకుని గింజ పారేసింది. ఇస్మాయిల్ మాత్రం నవ్వలేదు.

"ఎప్పటిసంది కలుపుతున్నరు హజ్రత్?"

మౌలానా గడ్డం నిమురుకున్నాడు. అబద్ధం ఆడలేని మనిషి, అందులోనూ రంజాన్.

"నువ్వు బటన్ పట్టిన ఏడాది సంది."

ఫోన్లో ఇదంతా విన్న వెంకటనర్సయ్య, "ఆగు భాయ్, మా పంతులు గూడ గిట్ల కలిపిండేమో అడుగుత" అని పెట్టేశాడు.

తాళంచెవి మళ్ళీ ఇస్మాయిల్ జేబులోకే వచ్చింది. మర్నాడు ఆయన పెట్టె వైపు చూడకుండా, పాత లెక్కకే తిప్పుకున్న చేతి గడియారం చూసి బటన్ నొక్కాడు. నాలుగు సెకన్లు ఆలస్యం. ఆరిఫ్ ఫోన్ జేబులోంచి తీయలేదు.

మరుసటి ఏడు పట్టిక అచ్చుకు పోయేటప్పుడు మౌలానా మూడు నిమిషాలను నాలుగు చేశాడు.