ఫణ్సళ్కర్ నానాగారి పెట్టెలో మాయమైన నోటీసు

"నేరం పుట్టకముందే దాని జాతకం చెప్పగల బుర్ర ఈ పుణే మొత్తంలో ఒక్కటే ఉంది శ్రీపాద్. అది నా మెడ మీద ఉంది," అన్నాడు మల్హార్ ఠోసర్, ఆ మెడ మీదికి జారిన అటుకుల పోహా మెతుకు తుడుచుకుంటూ.

సదాశివ పేఠలో, వాడా అనే పాతకాలపు లోగిలిలో, మేడ మీది గదిలో వాడూ నేనూ అద్దెకుండేవాళ్ళం. పగలు వాడు గొడుగుల కొట్లో గొడుగులు అమ్మేవాడు. మిగతా సమయమంతా డిటెక్టివే. ఇన్నేళ్ళలో ఒక్కరూ కేసు ఇవ్వలేదంటే, నేరస్థులు తనకు భయపడి ఊరొదిలిపోయారని వాడి లెక్క.

చివరికి వాడి మొదటి కేసు నేనే ఇచ్చాను, గతిలేక. వైదేహితో నాకు సంబంధం కుదిరింది. ఊరికి ఆ చివర కోథ్రూడ్‌లో అద్దెకు ఇల్లు కూడా చూసుకున్నాను. "ఇల్లు చేతికొచ్చాకే ముహూర్తం," అన్నాడు వైదేహి తండ్రి. రెండు అద్దెలు కట్టలేను కాబట్టి, అక్కడ చేరాలంటే ముందు ఇక్కడ వదలాలి. వదలాలంటే మా ఇంటాయన ఫణ్సళ్కర్ నానాకు నెల ముందు రాతపూర్వకంగా తెలియజేయాలి.

నానా కోర్టు గుమాస్తాగా రిటైరైన మనిషి. ఆయన తలుపు మీద ఒక బోర్డు ఉంది: 'మధ్యాహ్నం నిద్రాసమయం. ఇల్లు తగలబడితే తప్ప బెల్లు కొట్టరాదు. తగలబడినా ఒక్కసారే కొట్టవలెను.' కాగితాలు ఆయన చేతికి తీసుకోడు. గోడకున్న చెక్క పెట్టెలో వెయ్యాలి. నేను నోటీసు వేశాను. అందలేదన్నాడు. ఇంకొకటి వేశాను. అదీ అందలేదన్నాడు.

"నానా, నోటితో చెబుతున్నానుగా, ఖాళీ చేస్తానని."

"నోటిమాట వేరు, నోటీసు వేరు బాబూ."

"పోనీ చేతికివ్వనా?"

"చేతికిచ్చేవి శుభలేఖలు. నోటీసు పెట్టెలోనే పడాలి. అద్దె కరారు మీద సంతకం పెట్టావు, చదవలేదా?"

నెలాఖరు మర్నాడే. అది దాటితే మరో నెల ఇక్కడే పడి ఉండాలి. కోథ్రూడ్ ఇల్లు ఇంకొకరికి పోతుంది. ముహూర్తమూ పోతుంది. ఆ రాత్రి నాకు అన్నం సయించలేదు.

"ఇది కాగితం పోవడం కాదురా. పత్రహత్య," అన్నాడు మల్హార్.

పొద్దున్నే వాడు విచారణ మొదలుపెట్టాడు. నానా భార్య వరండాలో అప్పడాలు ఎండబెడుతోంది. ఆవిణ్ణి మేం కాకూ అంటాం, పిన్నిగారూ అన్నట్టు.

"కాకూ, నిన్న సాయంత్రం మీరెక్కడున్నారు?"

"ఇక్కడే. మొన్నా ఇక్కడే. పెళ్ళయినప్పట్నుంచీ ఇక్కడే."

"సాక్షి ఎవరు?"

"ఆయన లోపల పేపరు చదువుతున్నారు. పిలవనా?"

"వద్దు వద్దు," అని మల్హార్ నా దగ్గరికొచ్చి, "మనిషి గట్టిపిండం. నోరు జారడం లేదు," అన్నాడు.

తర్వాత పెట్టె కింద బియ్యప్పిండి చల్లాడు, అడుగుజాడల కోసం. గంట తర్వాత వంగి చూసి వాడి కళ్ళు మెరిశాయి. "దొరికాడు. పొట్టివాడు. ఎడమకాలు ఈడుస్తాడు."

"ఎడమ చెప్పు తెగి పొద్దుట్నుంచీ ఈడుస్తున్నది నువ్వేరా."

వాడు కాసేపు తన కాలిని అనుమానంగా చూసుకున్నాడు.

మధ్యాహ్నం వాడా అంతా నిద్రలో ఉండగా మల్హార్ ఎర వేశాడు. నా చేత మూడో నోటీసు రాయించి, దానికి గొడుగు కుట్టే దారం కట్టి పెట్టెలో వేశాడు. దారం రెండో కొస పట్టుకుని ఇద్దరం మెట్ల వెనక కూర్చున్నాం. నాకు కునుకు పడుతుండగా దారం కదిలింది.

"లాగుతున్నాడు," అని గొణిగి, మల్హార్ ఒక్క ఉరుకున వెళ్ళి పెట్టె సందులోంచి చెయ్యి దూర్చాడు. దూర్చిన చెయ్యి మళ్ళీ రాలేదు.

"శ్రీపాద్, నేరస్థుడు నా చెయ్యి పట్టుకున్నాడు."

"పట్టుకున్నది పెట్టె. గుంజకురా, ఆగు."

వాడు గుంజాడు. మేకులూ, పిడికెడు సున్నమూ రాలి, పెట్టె గోడ నుంచి ఊడి వాడి చేతికే వేలాడింది. పెట్టె వెనక చెక్క ఎప్పుడో పుచ్చిపోయింది. దాని వెనక గోడలో బొరియ. అందులో చిన్న చిన్న కాగితపు పేలికల పరుపు. పరుపు మీద కళ్ళు తెరవని ఉడుత పిల్లలు. తల్లి ఉడుత నా మూడో నోటీసును నోట కరచుకుని మమ్మల్ని కోపంగా చూస్తోంది.

తలుపు తెరుచుకుంది. నానా బనియనుతో నిలబడ్డాడు. "ఇల్లు తగలబడిందా?"

"లేదు నానా. నోటీసులు దొరికాయి," అన్నాను.

ఆయన ఒక పేలిక తీసి కళ్ళద్దాలకు దగ్గరగా పెట్టుకున్నాడు. "'తమ గది ఖా...' ఊఁ. చేతిరాత నీదే."

"అయితే అందినట్టే కదా?"

"అందింది. ఎవరికి? ఉడుతకి. ఈ ఇంటి యజమాని ఉడుత కాదు."

అప్పుడు కాకూ బయటికొచ్చింది. "అది అద్దె కట్టకుండా, కరారు రాయకుండా, పిల్లాపాపలతో కాపురముంటోంది. దాన్నేమీ అనరు. ముమ్మారు రాసిన పిల్లాణ్ణి మాత్రం ఏడిపిస్తారు. ఇల్లు దొరకలేదని మా నాన్న మన పెళ్ళి ఏడాది ఆపినప్పుడు, మీరు మా వీధి చివర నిలబడి ఎలా ఉండేవారో గుర్తుందా?"

నానా మెడ వెనక గోక్కున్నాడు. లోపలికెళ్ళి పెన్నూ కాగితాలూ తెచ్చాడు. "కూర్చో. నేను చెబుతాను, రాయి. నీ వాక్యాలు నీకే అర్థం కావు." ఆయన ప్రతి మాటా చప్పరిస్తూ చెప్పాడు. చివర్లో 'అందినది' అని రాసి తానే సంతకం పెట్టాడు. నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"నేను మొదట్నుంచీ అనుమానించినట్టే," అన్నాడు మల్హార్.

"నువ్వు అనుమానించింది కాకూని."

"అది ఉడుతని ఏమరుపాటులో ఉంచడానికి." వాడు నానా వైపు తిరిగి పెట్టె ఇరుక్కున్న చేత్తోనే నమస్కారం చెయ్యబోయాడు. "వీడు వెళ్ళిపోతే దిగులుపడకండి నానా. మేడ మీద నేనొక్కణ్ణే ఉంటాను, మీకు కాపలాగా. రేపు మీ వంటింటి గోడ తవ్వి చూద్దాం. అక్కడ ఇంకా పెద్ద ముఠా ఉంది."

నానా రాలిన సున్నాన్ని చూశాడు. వంటింటి వైపు చూశాడు. ఇంకో కాగితం తీసి గబగబా రాసి, స్వయంగా వాడి చేతికిచ్చాడు.

మల్హార్ ప్రశంసాపత్రమనుకుని గొంతు సవరించుకుని బయటికే చదివాడు. "'...నెలలోపు సదరు గదిని ఖాళీ చేయవలసినదిగా...' నానా, ఇందులో పొరపాటున నా పేరు పడింది."

"నా సర్వీసు మొత్తంలో ఒక్క పేరు కూడా పొరపాటుగా రాయలేదు. అందినట్టు సంతకం పెట్టు."

పెట్టెలోంచి వాడి కుడిచెయ్యి ఊడదీయడానికి కాకూ కొబ్బరినూనె తెచ్చేసరికి ఇంకా ఆలస్యమయ్యేలా ఉంది. మల్హార్ ఎడమచేత్తోనే సంతకం పెట్టాడు. వంకరగా వచ్చిందని నానా రెండోసారి పెట్టించాడు.