ఎంగిలి పొగ

ఆ ఇంటి బాత్‌రూం వెంటిలేటర్లోంచి రోజూ పొద్దున్నే పొగమంచు వచ్చేది. నడి ఎండాకాలంలో కూడా వచ్చేది.

పక్కింటి టైలరు ఓసారి ఉండబట్టలేక అడిగాడు. "ఏం సార్, ఊళ్లో ఎక్కడా లేని మంచు మీ బాత్‌రూంలోనే పడుతోందేంటి?"

"వేడినీళ్ల ఆవిరండీ," అన్నాడు ఆ ఇంటాయన. ఆనాటి నుంచి వీధిలో ఆయన పేరు పొగమంచు.

పొగమంచు ఆరోగ్య శాఖలో పనిచేస్తాడు. పొగాకు మానమని పోస్టర్లు రాయడం ఆయన ఉద్యోగం. మంచి నినాదం తట్టాలంటే మాత్రం ఒక సిగరెట్ పడాలి. ఇందులో ఆయనకు విడ్డూరమేమీ కనబడలేదు. ఎందుకంటే ఆయన మనసులో ఒక వకీలు కాపురముండేవాడు. ఏ తప్పుకైనా ఆయన సిగ్గుపడేలోపే లేచి వాదించి గెలిచేవాడు.

ఆయనకు శుభ్రం కూడా ఎక్కువే. ఇంకొకరు మూతి పెట్టిన గ్లాసు ముట్టడు. భార్య రుచి చూసిన చెంచాను ఆవిడ కడిగాక తనూ ఓసారి కడుగుతాడు. ఎంగిలి అన్న మాట వింటేనే భుజాలు ముడుచుకుంటాయి.

ఆ ఏడు ఆఫీసులో ఒక గది ఖాళీ అయింది. గడియ పెట్టుకునే తలుపు, బయటికి తెరుచుకునే కిటికీ. ఆ కిటికీని చూసినప్పుడల్లా పొగమంచు పెదవులు వాటంతటవే గుండ్రంగా అయ్యేవి. ఆడవాళ్ల కోసం విడిగా పొగాకు మాన్పించే విభాగం పెడితే ఆ గది దానికి పోతుంది. లేకపోతే ఆయనకే. అందుకని పైకి నివేదిక రాశాడు: 'ఆడవాళ్లకు పొగాకుతో సంబంధం లేదు. వేరే విభాగం అనవసరం.'

ఆ ముక్క రాసే సమయానికి ఆయన జేబులో, వాళ్లింట్లోనే ఉండే అత్తగారి ముక్కుపొడి డబ్బా ఉంది. తనే కొని తెస్తాడు. అల్లుడి పొగ సంగతి అత్తగారు ఎత్తదు, అత్తగారి పొడి సంగతి అల్లుడు ఎత్తడు. వాళ్ల అన్యోన్యం చూసి చుట్టాలు ముచ్చటపడేవారు. ముక్కుపొడి పొగాకు కాదు, జలుబు మందు అని లోపలి వకీలు ఎప్పుడో తీర్పు తెచ్చుకున్నాడు.

పెద్దాఫీసు నుంచి ఒక మేడం వచ్చి నివేదిక చదివింది. "బాగుందండీ. నాలుగిళ్లలో నేనే స్వయంగా అడుగుతాను. మీ ఇంటితోనే మొదలుపెడదాం, ఆదివారం," అంది.

శనివారం సాయంత్రం ఆయన భార్యకు పాఠం మొదలుపెట్టాడు.

"పొగ తాగుతారా అని అడుగుతుంది. లేదని చెప్పు."

"అడిగేది మిమ్మల్నా, నన్నా?"

"నిన్నే. నువ్వు తాగవు కదా."

"ఏమో. ఆలోచించుకోవాలి." అంటూనే దగ్గింది. ఈమధ్య ఆవిడకు దగ్గొస్తోంది. గోడ గడియారం చప్పుడుతో పాటే ఆయన దాన్నీ వినడం మానేశాడు.

"ఇందులో ఆలోచించేదేముంది?"

"మీరు ఒక్క వాక్యం రాయడానికి బాత్‌రూం చుట్టూ తిరుగుతారు. నేను ఒక్క మాట ఆలోచించుకోకూడదా?"

ఆదివారం మేడం వచ్చి టేబుల్ ఫ్యాను ముందు కూర్చుంది. మొదట అత్తగారిని అడిగింది. "పొగ తాగుతారా పెద్దమ్మగారూ?"

"నేనా తల్లీ? ఆడపుట్టుక పుట్టి పొగ తాగడమా? మా ఇంటా వంటా లేదు," అంటూ అత్తగారు పౌరుషంగా లేచి నిలబడింది.

ఒళ్లో ఉన్న డబ్బా జారి సరిగ్గా ఫ్యాను ముందు పడింది. మూత ఊడింది.

ముందు మేడం తుమ్మింది. తర్వాత ఇల్లంతా తుమ్మింది. పొగమంచు డబ్బా కోసం వంగి ఎంత గట్టిగా తుమ్మాడంటే, జేబులోని సిగరెట్ పెట్టె ఎగిరి మేడం పాదాల దగ్గర హాజరు వేయించుకుంది. లోపలి వకీలు కూడా తుమ్ముల్లో ఉన్నట్టున్నాడు, ఒక్క వాదనా రాలేదు.

మేడం కళ్లు తుడుచుకుంది. "పెద్దమ్మగారూ, ఇది పొగాకు కాదా?"

"పొగాకే తల్లీ. నువ్వడిగింది పొగ కదా. ఇందులో పొగెక్కడుంది?"

మేడం తన ప్రశ్నల కాగితంకేసి చూసుకుంది. "ఇన్నేళ్లుగా అందరినీ ఇదే మాట అడుగుతున్నాం," అని గొణుక్కుని, భార్య వైపు తిరిగింది. "మరి మీరమ్మా?"

"తాగుతానండి."

పొగమంచు గోడ పట్టుకున్నాడు.

"పెళ్లయినప్పట్నుంచీ తాగుతున్నాను. కాకపోతే ఆయన తాగి వదిలింది. ఎంగిలి పొగ." ఆవిడ గొంతు పెంచలేదు. "నేను మూతి పెట్టిన గ్లాసు ఆయనకు పనికిరాదు. ఆయన ఊపిరితిత్తుల్లో తిరిగొచ్చింది మాత్రం నాకు పనికొస్తుంది. ఇప్పుడు మెట్లెక్కితే మధ్యలో ఆగాల్సొస్తోంది. డాక్టరు పొగ అలవాటుందా అంటే లేదన్నాను. అబద్ధం చెప్పానని ఇంటికొచ్చాక తెలిసింది."

డాక్టరు దగ్గరికి వెళ్లిన సంగతి పొగమంచుకు అప్పుడే తెలిసింది.

"ఏమన్నారమ్మా?" అంది మేడం. "ఎంగిలి పొగా? మీవారు ఉద్యోగమంతా వెతికినా దొరకని మాట."

ఆడవాళ్ల విభాగం వచ్చింది. కిటికీ గది దానికే ఇచ్చారు. ఇంటింటికీ వెళ్లేవాళ్లకు ఏ మాట ఎలా అడగాలో నేర్పమని భార్యను పిలిచి అందులో కూర్చోబెట్టారు. ఇప్పుడు అందరినీ 'పొగాకు ఏ రూపంలో వాడతారు, ఇంట్లో ఎవరి పొగ పీలుస్తున్నారు' అని అడుగుతున్నారు. అత్తగారు డబ్బా పారేసి, వీధిలో మిగతా డబ్బాల ఆచూకీ చెప్పే పనిలో పడింది. పొగమంచు ఆ గది తలుపు బయట కూర్చుని, భార్య చెప్పిన మాటల్నే పోస్టర్ల మీద రాస్తున్నాడు.

ఒక పొద్దున బాత్‌రూంలో సిగరెట్ వెలిగించి పొగ పైకి వదిలాడు. అది బయటికి పోలేదు. వెంటిలేటరుకు అడ్డంగా పోస్టరు అతికించి ఉంది, తన చేతిరాతే: 'మీ ఎంగిలి పొగ ఎవరికీ పెట్టకండి.' పొగ తిరిగొచ్చి ఆయన మొహానే తగిలింది. భుజాలు ముడుచుకున్నాయి.

'ఎవరి ఎంగిలి వాళ్లకు ఎంగిలి కాదు,' అని లోపలి వకీలు లేచాడు.

"కూర్చోవయ్యా," అన్నాడు పొగమంచు పైకే, సిగరెట్‌ను నీళ్లలో ముంచుతూ.

కొన్నాళ్లకు టైలరు మెట్ల దగ్గర ఆ ఇంటావిడను ఆపాడు. "ఏమ్మా, ఈమధ్య మీ బాత్‌రూంలో మంచు పడటం లేదే?"

"ఎండొచ్చిందండీ," అంది ఆవిడ మెట్లెక్కుతూ. ఎక్కడా ఆగకుండా పైదాకా ఎక్కి, వెనక్కి తిరిగి చూసింది.

ఆవిడ వెనకే పోస్టర్ల కట్ట మోసుకొస్తున్న పొగమంచు మెట్ల మధ్యలో ఆగి, రొప్పుతూ, ఆవిడ కళ్లలోకి చూడలేక గోడకేసి చూస్తున్నాడు.