కుడి కాలు దగ్గర బిగుతు

ముప్పై ఏళ్లలో ఆయన కుట్టిన బట్ట ఒక్కటీ బాగాలేదని వెనక్కి రాలేదు. అందుకే టైలర్ల సంఘం ఆ సాయంత్రం ఆయనకు సన్మానం తలపెట్టింది. సభకు తన చేత్తో కుట్టుకున్న కొత్త ప్యాంటే వేసుకోవాలని టైలరు పొద్దున్నే ఒకసారి తొడిగి చూసుకున్నాడు. ఎడమ కాలు హాయిగా దిగింది. కుడి కాలు మోకాలి దగ్గర ఆగిపోయింది.

"ఏంటండీ, ఒంటికాలి మీద నిలబడ్డారు?" అంది భార్య.

"గుడ్డ ముడుచుకుపోయింది."

"ఒక్క కాలేనా? మీ మోకాలే వాచిందేమో. వారం నుంచి మెట్లెక్కాలంటే గోడ పట్టుకుంటున్నారు."

"పదిహేను రోజుల కిందట తీసిన కొలత ఇది. నా టేపు తప్పదు. తప్పు గుడ్డదే!"

అంతలో ఆయనకు ఇంకో సంగతి తట్టింది. సభలో వాయించే బ్యాండు వాళ్లకు ఎనిమిది ప్యాంట్లు అదే తానులోంచి కుట్టాడు. పదింటికి ఇచ్చేయాలి. అవీ బిగిసిపోతే? ముప్పై ఏళ్ల పరువు సన్మానం రోజే గంగలో కలుస్తుంది.

పక్కనే గుండీలు కుడుతున్న పదహారేళ్ల కూతురు తల ఎత్తింది. నోట్లో నాలుక లేని పిల్ల.

"నాన్నా, నీ మోకాలు..."

"తర్వాత చెప్పమ్మా!"

తొమ్మిది ప్యాంట్లకూ కుడి కాలి కుట్టు విప్పాడు. లోపల వదిలిన గుడ్డంతా బయటికి లాగి, పళ్లు బిగబట్టి మిషను తొక్కాడు. తొక్కినకొద్దీ మోకాలు బరువెక్కింది.

"నాన్నా, ఒకసారి..."

"తర్వాతన్నానా!"

పదింటికల్లా ఎనిమిదీ వెళ్లిపోయాయి. పన్నెండింటికి అవే నడుచుకుంటూ వచ్చాయి, లోపల మనుషులతో సహా.

"ఏంటన్నా ఇది?" బ్యాండు మాస్టరు కుడి మోకాలి దగ్గర గుడ్డ పట్టుకుని ఊపాడు. "ఇందులో నా డోలు పడుతుంది! ఎడమ కాలేమో అచ్చం దొరబాబులా ఉంది."

గుమ్మంలో ఎనిమిది కుడి కాళ్లు సంచుల్లా వేలాడుతున్నాయి. టైలరు మొహంలో నెత్తురు చుక్క లేదు. వంగి ఒక్కో కాలి కుట్టూ పట్టి చూడసాగాడు. ఆ సందు చూసుకుని కూతురు టేపు తీసుకుని వచ్చింది.

"కూర్చో నాన్నా."

అందరి ముందూ ఆయన రెండు మోకాళ్లకూ టేపు చుట్టింది. "ఎడమది పద్నాలుగున్నర. కుడిది పదహారున్నర."

"మళ్లీ తియ్యి!"

మళ్లీ తీసింది. పదహారున్నరే. "ఎడమ చిప్పకు రెండు పక్కలా గుంటలున్నాయి. కుడివైపు పూడిపోయాయి, చూడు." కాలు చాపించి, చిప్పను వేలితో మెల్లగా నొక్కింది. అది కిందికి దిగి మళ్లీ పైకి తేలింది. "ముడుచుకుంది గుడ్డ కాదు నాన్నా. పెరిగింది నువ్వు."

వెనకాల ఎవరో డోలు మీద ఒక్క దెబ్బ వేశారు.

భార్య వెంటబెట్టుకుని తీసుకెళ్తే, డాక్టరు కాలు వంచి చూశాడు. "జ్వరం ఉందా? మోకాలు ఎర్రబడి కాలుతోందా?"

"లేదండీ."

"మంచిదే. అలా ఉంటే ఆ రోజే పరుగెత్తుకు రావాలి. ఎప్పుడైనా కాలు మెలిక పడిందా?"

"పది రోజుల కిందట, మెట్టు దిగుతుంటే. అయినా మిషను మాత్రం ఆపలేదు!" అన్నాడు టైలరు గొప్పగా.

"ఆ గొప్పంతా ఇదిగో, కీలులో నీరై చేరింది." డాక్టరు మత్తిచ్చి, సూదితో గడ్డి రంగు నీరు తీసి పరీక్షకు పంపించాడు. "బ్యాండేజి చుట్టి కాలు ఎత్తులో పెట్టుకోండి. ఐసు గుడ్డలో చుట్టి ఇరవై నిమిషాల చొప్పున పెట్టండి. రెండు వారాలు మిషను తొక్కడానికి వీల్లేదు. మళ్లీ నీరు చేరితే రండి."

"అంటే మీరు చేసిన పని తిరిగొస్తుందన్నమాట. అదే మా దగ్గరైతే..."

భార్య గట్టిగా దగ్గింది. ఆయన అక్కడితో ఆపేశాడు.

మిషను మీద కూతురు కూర్చుంది. విప్పిన కుట్టు తాలూకు పాత సూది గుర్తుల మీదుగానే ఎనిమిది కాళ్లూ మళ్లీ కుట్టింది. టైలరు ఎదుట కుర్చీలో కాలు చాపుకుని, కళ్లజోడు పెట్టుకుని ఒక్కో కుట్టూ వెతికాడు. ఒక్క ఒంకరైనా పట్టుకోవాలని చాలా ప్రయత్నించాడు. దొరకలేదు.

"ఎప్పుడు నేర్చుకున్నావే?"

"గుండీలు కుడుతూ రోజూ చూస్తున్నాగా."

సభలో అధ్యక్షుడు జ్ఞాపికతో లేచి, "ముప్పై ఏళ్లలో ఒక్కటీ తిరిగి రాలేదు!" అని చాటాడు. టైలరు మైకు అందుకున్నాడు. "వచ్చాయండీ. ఈ మధ్యాహ్నమే, ఎనిమిదీ ఒక్కసారే. గుడ్డను తిట్టింది నేను, నన్ను కొలిచింది మా అమ్మాయి. అన్నీ సరిచేసిందీ తనే. ఆ జ్ఞాపిక తనకివ్వండి." ఆయన తల ముప్పై ఏళ్లలో ఎన్నడూ లేనంత ఎత్తుగా ఉంది.

సిగ్గుతో డోలు వెనక నక్కిన పిల్లను బ్యాండు మాస్టరే చెయ్యి పట్టుకుని వేదిక ఎక్కించాడు. ఎనిమిది మందీ తిన్నని కుడి కాళ్లతో వాయిద్యం అందుకున్నారు.

సంచిలా వేలాడుతున్న తొమ్మిదో ప్యాంటు టైలరు ఒంటి మీదే ఉంది. దాన్ని ఆమె ముట్టుకోలేదు. వాపు పూర్తిగా తగ్గాకే కొలత తీసుకుంటానంది.