పది అబద్ధాలు, ఒక బొటనవేలు

మాస్టారి భార్య అప్పటికే నాలుగు దుప్పట్లు పిండి తీగ మీద వేసింది. అయిదోదాని రెండో కొస పట్టుకోవలసిన మాస్టారు ఒక చేత్తో కాగితం, ఇంకో చేత్తో ఫోను పట్టుకొని వెలుతురు కోసం పెరడంతా తిరుగుతున్నారు.

చర్చి సంఘంలోకి తప్పుడు బోధలు చొరబడుతున్నాయని మూడేళ్లుగా ఆయన పోరగా పోరగా, పాస్టరుగారు చివరికి ఆ శనివారం సాయంత్రం అయిదింటికి ఒక తరగతి ఇచ్చారు. బాగా జరిగితే ఇక ప్రతి శనివారమూ ఆయనదే. లెక్కల మాస్టారు కదా, పద్ధతిగా సిద్ధమయ్యారు. కాగితం ముందువైపు పది తప్పుడు బోధలు, వెనకవైపు వాటి ఖండనలు. అన్నిటికీ పైన ఎర్ర సిరాతో "ఈ పదీ అబద్ధాలు" అని శీర్షిక. అందరూ చదువుకొని రావాలని ముందువైపు ఫొటో తీశారు.

"ఒకసారి చూసి పంపండి," అంది భార్య.

"ముప్పై ఏళ్లు పేపర్లు దిద్దినవాణ్ణి. నాకు చెప్తున్నావా?"

సంఘం గ్రూపులో ఫొటో పడిన నిమిషానికే ఆమేన్‌లు మొదలయ్యాయి. పది దాటాయి, నలభై దాటాయి. "చూశావా, జనం ఎంత మేలుకొని ఉన్నారో," అని మాస్టారు మురిసిపోయారు.

పదకొండింటికి ఎలక్ట్రీషియన్ ఫోన్ చేశాడు. "మీరు చెప్పబట్టి సరిపోయింది మాస్టారూ. వైరింగ్ సగంలో ఆపేసి వచ్చేశాను."

"ఎందుకయ్యా?"

"గురువారం ప్రభువు వచ్చేస్తుంటే ఇంక కరెంటుతో పనేముంది?"

మాస్టారు గబగబా ఫొటో తెరిచారు. ప్రభువు రాకడ వచ్చే గురువారమేనన్న ఏడో బోధ ముత్యాల్లాంటి అక్షరాలతో మెరిసిపోతోంది. శీర్షిక ఉండాల్సిన చోట ఆయన బొటనవేలు ఉంది.

చెమటలు తుడుచుకుంటూ "అవన్నీ అబద్ధాలు, నమ్మకండి" అని రాశారు. తర్వాత ఎవరో రాశారు: "మాస్టారు పొద్దున్న ఆత్మలో రాశారు. ఇప్పుడు శరీరంలో రాస్తున్నారు." ఆయన కాగితం వెనకవైపు ఫొటో కూడా పెట్టారు. దాంతో తప్పుడు బోధకుడని ఆయన్నే గ్రూపులోంచి తీసేశారు.

నాలుగున్నరకు ఎలక్ట్రీషియన్, దర్జీ భార్య, వాళ్ల వెనక పాస్టరుగారు ఇంటికే వచ్చారు.

"బైబిల్లో వాక్యం చూపించండి మాస్టారూ," అన్నాడు ఎలక్ట్రీషియన్. "ఎవరేం చెప్పినా వాక్యం అడగమన్నది మీరే."

"మరి పొద్దున్న అడగలేదేం అన్నా?" అంది మాస్టారి భార్య, దుప్పటి మడత పెడుతూ.

"పొద్దున్న చెప్పింది మాస్టారు కదక్కా."

"ఇప్పుడు చెప్తున్నదీ ఆయనే."

ఎలక్ట్రీషియన్ కాస్త నసిగాడు. "పొద్దున్నది బాగుందక్కా."

"బాగుంటే సరిపోతుందా? ఆ రోజు ఎప్పుడో తండ్రికి తప్ప ఎవరికీ తెలీదని ప్రభువే చెప్పాడు కదా."

"అంటే, వైరింగ్..."

"పూర్తి చెయ్యాలి."

దర్జీ భార్య ముందుకొచ్చింది. ఆమె చేతిలో మందుల చీటీ నలిగిపోయి ఉంది. "మరి మూడోది, వదినా? విశ్వాసి మందులు మింగకూడదన్నది? మా ఆయన పొద్దున్నే బీపీ మాత్రలు కాలవలో పారేశాడు. ఇప్పుడు తల తిరుగుతోందని పడుకున్నాడు. కొత్తవి తెస్తానంటే వద్దంటాడు."

"బైబిల్లో అపొస్తలుడి వెంట తిరిగినవాళ్లలోనే ఒక వైద్యుడు ఉన్నాడని చెప్పు."

"నేను చెప్తే వింటాడా? మాస్టారు రాశారు కదే అంటాడు."

పాస్టరుగారు గడియారం చూసుకున్నారు. "హాలు నిండిపోయింది మాస్టారూ. ఇంతమంది ఎప్పుడూ రాలేదు. జరిగింది జరిగినట్టు చెప్పి, పదింటినీ ఖండించండి. తరగతి మీదే."

మూడేళ్లు ఎదురుచూసిన మాట అది. మాస్టారు తన కాగితాన్ని భార్య చేతిలో పెట్టారు. దర్జీ భార్య చేతిలోంచి మందుల చీటీ తీసుకొని, చెప్పులు వేసుకొని, మందుల షాపు వైపు వెళ్లిపోయారు.

ఎవరికీ ఏమీ బోధించకుండా ఆయన గడప దాటడం, పెళ్లయ్యాక ఆమె చూడటం అదే మొదటిసారి.