కర్త లేని మరక

నిప్పు, చక్రం తర్వాత మానవజాతి సాధించిన మహత్తర ఆవిష్కరణ కర్త లేని వాక్యం. నిప్పు చెయ్యి కాలుస్తుంది, చక్రం కాలు తొక్కుతుంది. కర్త లేని వాక్యం వల్ల మాత్రం ఇంతవరకూ ఏ అధికారి ఒంటిమీదా గీత పడిన దాఖలా లేదు.

ముప్పయ్యేళ్లుగా ఇతరుల తప్పులు దిద్దుతున్న ప్రూఫ్‌రీడర్‌కు ఈ సంగతి తెలియనిది కాదు. కానీ గుర్తింపు కార్డుల కార్యాలయంలో, క్యూ పక్కనున్న ఇనుప కమ్మీకి మోచెయ్యి ఆనించినప్పుడు అతను వ్యాకరణం గురించి ఆలోచించడం లేదు. కమ్మీకి పచ్చరంగు వేసి పావుగంటయింది. ఒంటిమీద ఉన్నది బావగారి బూడిదరంగు కోటు. (ఫొటోకు కోటు తప్పనిసరి. అది ఎవరిదై ఉండాలో నిబంధనల్లో లేదు.)

అక్క మొగుడైన ఆ బావగారు కోటు చేతికిస్తూ ముందే హెచ్చరించారు. “ఏవోయ్ బామ్మర్దీ, నా చొక్కా ఇస్త్రీపెట్టెతో కాల్చావు, గొడుగు విరిచావు. రెండుసార్లూ ‘నేను కాదు బావా’ అన్నావు. మూడోసారి అంటే మాత్రం నమ్మను.”

అందువల్ల అతనికి కావలసింది కొత్త కోటూ కాదు, క్షమాపణా కాదు. ‘ఈ రంగు పూసింది మేమే’ అన్న ఒక్క వాక్యం, దాని కింద ఒక ముద్ర.

“తడి రంగు అని బోర్డు పెట్టాలి కదయ్యా?” అని పెయింటర్‌ని నిలదీశాడు.

“ఉందండీ, స్టోర్‌రూములో. రంగు ఆరాక పెడతాం. ఇప్పుడే పెడితే బోర్డుకు అంటుకోదూ?”

దుస్తుల నష్ట విభాగం (ఉంది, మూడో అంతస్తులో) గుమస్తా ఒక ఫారం ఇచ్చింది. అందులో రెండే గళ్లు: ‘రంగు అంటుకున్నది’, ‘రంగు అంటించుకున్నారు’.

“‘అంటించారు’ అన్న గడి లేదేమండీ?”

“ఎవరు అంటించారు?”

“మీరు.”

“నేనా! పొద్దున్నుంచీ ఈ కుర్చీలోంచి లేస్తే ఒట్టు సార్!” (ఇది పచ్చి నిజమని విచారణలో రుజువైంది.)

వివాదం క్రియాపదానికి సంబంధించినది గనుక, ఫైలు క్రియాపదాల పర్యవేక్షణాధికారి ముందుకు వెళ్లింది. ఆయన సౌమ్యుడు.

“చూడండి మాస్టారూ, మా దగ్గర పనులు జరుగుతాయి. ఎవరూ చెయ్యరు. రంగు వేయబడుతుంది, ఫైలు పోగొట్టబడుతుంది.”

“జీతం కూడా తీసుకోబడుతుందాండీ?”

“అబ్బే, అది స్వయంగా తీసుకుంటాం.”

ఈలోగా కమ్మీని కొలిచిన తనిఖీ అధికారి, మూరెడు మేర రంగు తక్కువైందని నివేదించాడు. ఆ రంగు ప్రస్తుతం ఒక ప్రైవేటు మోచేతి మీద నివసిస్తున్నట్టు తేలింది. కార్యాలయ ఆస్తిని ప్రాంగణం దాటించాలంటే గేటు పాసు ఉండాలి. ప్రూఫ్‌రీడర్ గేటు పాసు రాయించుకుని, తన మోచేతిని తానే చట్టబద్ధంగా బయటికి తీసుకుపోవడానికి అనుమతి పొందాడు.

చివరికి లేఖ వచ్చింది, ముద్రతో సహా. పైన అతని పేరు. కింద: ‘తమరు ధరించిన కోటునకు రంగు అంటబడినట్లు గమనించబడినది. అందులకు విచారము వ్యక్తపరచబడుచున్నది.’ సంతకం ఉండవలసిన చోట ఒక వంకరగీత, అది ఏ మనిషిదీ కాదన్నంత జాగ్రత్తగా.

ఇంట్లో బావగారు కళ్లజోడు పెట్టుకుని దాన్ని రెండుసార్లు చదివారు. కాగితం తిప్పి వెనకవైపు కూడా చూశారు.

“ముద్ర ఉంది కదా బావా!” అన్నాడు ప్రూఫ్‌రీడర్ ఆశగా.

“ఉందిలే. కానీ మొత్తం వెతికాను బామ్మర్దీ. ఇందులో మనిషన్నవాడు ఒక్కడే దొరికాడు,” అంటూ ఆయన కాగితం మీద వేలు పెట్టారు.

ప్రూఫ్‌రీడర్ వంగి చూశాడు. తన పేరే. ఒక్క అక్షరదోషమైనా లేదు.